వయసు అనగానే అడగడం మానేయకండి

వృద్ధుల హోమ్‌లో ఉన్న పెద్దవాళ్ళ ఒంటి మీద ఒక నల్లటి మచ్చ కనిపించి, ఇదేంటని అడిగామనుకోండి. దాదాపు ఎప్పుడూ ఒకటే జవాబు వస్తుంది: "వయసు కదండీ, చర్మం పల్చబడిపోతుంది, ఊరికే కమిలిపోతుంది." బరువెందుకు తగ్గారంటే వయసు. మాట్లాడటం ఎందుకు మానేశారంటే వయసు. పగలంతా మగతగా పడి ఉంటున్నారేమిటంటే అదీ వయసే. ఈ జవాబుతో వచ్చిన చిక్కేమిటంటే, చాలాసార్లు అది నిజం కూడా. పెద్ద వయసులో చర్మం పల్చబడుతుంది, ఆకలి మందగిస్తుంది, ఒంట్లో నీళ్ళు తగ్గిపోతున్నా దాహం వేయదు. అందుకే ఆ మాట వినగానే మనం తల ఊపి ఊరుకుంటాం. చేయి చేసుకున్నా, గంటల తరబడి పట్టించుకోకపోయినా, మత్తుగా ఉండేలా మందు వేసి పడుకోబెట్టినా, అన్నీ ఆ ఒక్క మాట చాటున దాక్కోగలవు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. వృద్ధాశ్రమాల్లో, నర్సింగ్ హోమ్‌లలో పెద్దవాళ్ళకు జరిగే అన్యాయాన్ని గుర్తుపట్టడానికి మనం డాక్టర్లం కానక్కర్లేదు. వయసు అన్న జవాబు వచ్చాక కూడా ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇది ఎప్పుడు మొదలైంది? మొదట ఎవరు చూశారు? రికార్డులో ఎక్కడ రాశారు? డాక్టరుకు చెప్పారా? నిజంగా వయసు వల్ల వచ్చిన ఇబ్బందే అయితే వీటికి జవాబులు సులభంగా దొరుకుతాయి. దొరకనప్పుడే అనుమానించాలి.

మచ్చల సంగతే తీసుకుందాం. అమెరికాలో లారా మొస్కేడా అనే వృద్ధుల వైద్య నిపుణురాలి బృందం, పెద్దవాళ్ళ ఒంటి మీద ప్రమాదవశాత్తూ ఏర్పడే మచ్చలను రోజూ పరిశీలించి 2005లో ఒక అధ్యయనం ప్రచురించింది. వాటిలో దాదాపు 90 శాతం చేతుల మీద, కాళ్ళ మీద ఉన్నాయి. మెడ మీద, చెవుల మీద, పిరుదుల మీద, మర్మాంగాల దగ్గర, అరికాళ్ళలో ఒక్కటీ లేదు. మచ్చ రంగును బట్టి అది ఎన్ని రోజులదో చెప్పవచ్చని చాలామంది నమ్ముతారు. అదీ నిజం కాదని ఆ అధ్యయనంలో తేలింది, కొన్ని మొదటి రోజే పసుపు రంగులో కనిపించాయి. కాబట్టి "ఇది పాతదండీ, ఇక్కడికి రాకముందుది" అని రంగు చూపించి చెబితే ఒప్పుకోనక్కర్లేదు.

ఆ తర్వాత అదే బృందం, దెబ్బలు తిన్నారని నిర్ధారణ అయిన పెద్దవాళ్ళను పరిశీలించింది. వాళ్ళ మచ్చలు పెద్దవి, సగం మందికి పైగా 5 సెంటీమీటర్లు దాటినవి ఉన్నాయి. ముఖం మీద, జబ్బ పక్కన, వీపు మీద ఎక్కువగా కనిపించాయి. నన్ను బాగా కదిలించింది ఇంకొకటి. మామూలుగా తగిలిన దెబ్బల్లో చాలావాటికి, ఎలా తగిలిందో ఆ మనుషులకే గుర్తులేదు. కానీ కొట్టడం వల్ల ఏర్పడిన మచ్చల గురించి దాదాపు 90 శాతం మంది ఎలా జరిగిందో చెప్పగలిగారు. వాళ్ళలో జ్ఞాపకశక్తి తగ్గినవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. "ఆవిడకి మతిమరుపండీ, ఏదేదో చెబుతారు" అన్న మాట మనం ఎన్నిసార్లు వినలేదు? మతిమరుపు ఉన్న మనిషి నిన్న మధ్యాహ్నం ఏం తిన్నదో మర్చిపోవచ్చు. తనను ఎవరు గిల్లారో, ఎవరు జుట్టు పట్టి లాగారో కూడా మర్చిపోయి ఉంటుందని మనమే తీర్పు చెప్పేయకూడదు. ఒక ఫలానా మనిషి గదిలోకి రాగానే ఆమె బిగుసుకుపోతుంటే, కళ్ళు దించేస్తుంటే, అది కూడా సాక్ష్యమే.

ఇక్కడో జాగ్రత్త చెప్పాలి. రక్తం పల్చబడటానికి మందులు వాడేవాళ్ళకు చిన్న తాకిడికే మచ్చలు ఎక్కువగా పడతాయి, కాబట్టి ప్రతి మచ్చా నేరం కాదు. జబ్బకు రెండు పక్కలా వేళ్ళు నొక్కినట్టున్న గుర్తులు, మణికట్టు చుట్టూ కట్టినట్టున్న చారలు మాత్రం గట్టిగా పట్టుకోవడం వల్లో కట్టేయడం వల్లో వచ్చి ఉంటాయి. వాటిని వదిలేయడానికి వీల్లేదు.

కొట్టడం అంటే అందరూ భయపడతారు, అందరూ ఖండిస్తారు. కొట్టిన గుర్తులేవీ లేవని తెలిస్తే చాలు, మనసు కుదుటపడుతుంది. నా దృష్టిలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. హోమ్‌లో పెద్దవాళ్ళను మంచాన పడేసేది, ప్రాణం మీదకు తెచ్చేది ఎక్కువగా నిర్లక్ష్యం. అందులో ఎవరూ అరవరు, ఎవరూ చెయ్యెత్తరు. చేయాల్సిన పని చేయరు, అంతే. తనంతట తాను కదలలేని మనిషిని ఒకే భంగిమలో వదిలేస్తే నడుము కింది ఎముక దగ్గర, మడమల దగ్గర, తుంటి దగ్గర చర్మానికి రక్తం అందదు. మొదట ఎర్రబడుతుంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. ఒంటి రంగు ముదురుగా ఉన్నవాళ్ళలో ఆ ఎరుపు కంటికి కనిపించకపోవచ్చు, అక్కడ చెయ్యి పెట్టి చూస్తే వేడిగానో గట్టిగానో తగులుతుంది. అప్పుడే కనిపెట్టి పక్కకు తిప్పుతుంటే తగ్గిపోతుంది. వదిలేస్తే చర్మం చిట్లి, కండ దాకా వెళ్ళి, నాలుగో దశలో ఎముక కనిపిస్తుంది. ప్రాణం పోయే దశలో ఉన్నవాళ్ళకు ఎంత బాగా చూసుకున్నా ఒక్కోసారి పడక పుండ్లు వస్తాయి. కానీ నాలుగో దశ పుండు ఉందని ఇంట్లోవాళ్ళకు ఎవరూ చెప్పకపోవడానికి వయసు కారణం కాజాలదు. దుప్పటి తీసి మడమలు చూడండి, వీపు చూడండి. చూడటానికి మొహమాటపడేది మనమే.

మా పెద్దమ్మ ఉన్న హోమ్‌లో మంచం కాళ్ళ వైపున ఒక చార్టు వేలాడుతుండేది. రెండు గంటలకోసారి ఎటు పక్కకు తిప్పారో, నీళ్ళు ఎంత తాగించారో రాసి సంతకం పెట్టాలి. నేను మామూలుగా వెళ్ళే టైముకు కాకుండా ఒకరోజు మధ్యాహ్నం వెళ్ళాను. ఇంకా మూడు కాలేదు. చార్టులో నాలుగు గంటల గడి, ఆరు గంటల గడి అప్పటికే నిండిపోయి ఉన్నాయి. ఒకదాంట్లో "ఎడమ పక్క", ఇంకోదాంట్లో "కుడి పక్క", చెరో 200 మిల్లీలీటర్ల నీళ్ళు, కింద పొడి సంతకం. పెద్దమ్మ మాత్రం వెల్లకిలా పడుకుని ఉంది, పెదవులు ఎండి అట్టకట్టాయి. మూత పెట్టిన నీళ్ళ గ్లాసు ఆమె చెయ్యి అందని బల్ల మీద నిండుగా ఉంది. కాలింగ్ బెల్ తాడును గోడకున్న మేకుకు చుట్టేశారు, మాటిమాటికీ లాగకుండా.

చార్టు ఫోటో తీశాను, టైము కనిపించేలా పక్కన వాచీ పెట్టి. నేను బయటికి వెళ్ళి అడగబోతుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏమీ అనకు నాన్నా. నువ్వు సాయంత్రానికి వెళ్ళిపోతావు. రాత్రి వాళ్ళ చేతుల్లో ఉండేది నేను కదా."

ఈ భయాన్ని అర్థం చేసుకోకుండా మనం చేసే ఏ పనీ సరిగ్గా ఉండదు. మందు వేసేది, బట్ట మార్చేది, రాత్రి లేపి బాత్‌రూమ్‌కు తీసుకెళ్ళేది అంతా ఆ సిబ్బందే. వాళ్ళ మీద ఫిర్యాదు చేసి మళ్ళీ వాళ్ళ చేతికే ఒళ్ళప్పగించాలంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. దానికి తోడు, పిల్లలకు టెన్షన్ పెట్టకూడదని, తన వల్ల గొడవ కాకూడదని నోరు నొక్కేసుకుంటారు. "బాగానే చూసుకుంటున్నారమ్మా" అన్న మాట ఆయా పక్కన నిలబడి ఉండగా చెబితే దానికి విలువ లేదు. పక్కన ఎవరూ లేకుండా వాళ్ళ దగ్గర కూర్చోవాలి. "నిన్ను ఎవరైనా కొట్టారా?" అని సూటిగా కాకుండా, "రాత్రిపూట బాత్‌రూమ్‌కు వెళ్ళాలంటే ఏం చేస్తావు? పిలిస్తే ఎంతసేపటికి వస్తారు? ఎవరొస్తే నీకు హాయిగా ఉంటుంది? ఎవరు రాకపోతే బాగుండుననిపిస్తుంది?" అని అడగాలి. అడిగి, వాళ్ళు చెబుతున్నంతసేపూ మధ్యలో అందుకోకుండా వినాలి.

ఎవరూ చూడకపోతే ఏమవుతుందో 2020లో ప్రపంచమంతా చూసింది. కోవిడ్ వల్ల చాలా దేశాల్లో హోమ్‌లకు కుటుంబసభ్యుల రాకపోకలు ఆపేశారు. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని ఐదు హోమ్‌లకు సాయంగా సైన్యాన్ని పంపారు. అక్కడ తాము చూసినదాన్ని సైనికులు రాసిన నివేదిక ఆ ఏడాది మే నెలలో బయటికొచ్చింది. బొద్దింకలు, మార్చని డైపర్లు, బలవంతంగా నోట్లో కుక్కిన ఆహారం, సాయం కోసం రెండు గంటల పాటు కేకలు పెట్టినా ఎవరూ రాకపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. అవన్నీ కోవిడ్‌తోనే మొదలయ్యాయని నేననుకోను. ఆస్ట్రేలియాలో వృద్ధుల సంరక్షణపై విచారణకు 2018లో ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్, కోవిడ్ రాకముందే, 2019 అక్టోబరులో ఇచ్చిన మధ్యంతర నివేదికకు పెట్టిన పేరే "నిర్లక్ష్యం".

మందుల సంగతి చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. కట్టేయడం అంటే తాడుతోనే కట్టేయక్కర్లేదు. వీల్‌చైర్‌ను బల్లకు ఆనించి బ్రేకు వేసేస్తే లేవలేరు. మంచానికి రెండు పక్కలా కటకటాలు ఎత్తేస్తే దిగలేరు. ఏ అవసరమూ లేకపోయినా మానసిక వ్యాధుల మందు ఇస్తే కదలనే లేరు. డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బు ఉన్న పెద్దవాళ్ళకు యాంటీసైకోటిక్‌లనే ఈ మానసిక వ్యాధుల మందుల్లో కొత్త తరంవి ఇస్తే మరణాలు పెరుగుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను జారీ చేసింది. పరీక్షల్లో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళతో పోలిస్తే మరణాలు 1.6 నుంచి 1.7 రెట్లు ఉన్నాయి. 2008లో పాత తరం మందులకూ అదే హెచ్చరిక వర్తింపజేసింది. క్రమశిక్షణ కోసమో, సిబ్బంది సౌకర్యం కోసమో మనుషుల్ని కట్టేయడం గానీ మందులతో లొంగదీయడం గానీ కుదరదని 1987లోనే అమెరికా నర్సింగ్ హోమ్ సంస్కరణల చట్టం తెచ్చింది. మొన్నటిదాకా గలగలా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా మగతలోకి జారిపోతే మందుల చార్టు అడగండి. కొత్తగా ఏం మొదలుపెట్టారు, ఎవరు రాశారు, ఏ కారణానికి, కుటుంబానికి ఎప్పుడు చెప్పారు. "రాత్రిళ్ళు గోల చేస్తున్నారండీ" అంటారు. ఆ గోల ఎందుకో ఎవరైనా చూశారా? మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, మలబద్ధకం ఉన్నా, ఎక్కడైనా నొప్పి ఉన్నా చెప్పలేని మనిషి గోల చేయక ఏం చేస్తుంది?

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే దాన్ని పట్టుకోవడం తేలిక. బ్యాంకు ఖాతాలో తెలియని డ్రాలు, మాయమైన ఉంగరం, హఠాత్తుగా మారిన నామినీ, అర్థం కాని కాగితం మీద వేలిముద్ర. లైంగిక హింస గురించి మాత్రం మన ఇళ్ళల్లో నోరెత్తడం లేదు. ఆ వయసులో ఎవరేం చేస్తారులే అనుకుంటాం. చేస్తారు. నడవలేని, చెప్పలేని మనిషే వాళ్ళకు సులువుగా దొరుకుతుంది. లోదుస్తుల మీద రక్తం, తొడల లోపలి వైపు కమిలిన గుర్తులు, స్నానం చేయించబోతే కొత్తగా పుట్టుకొచ్చిన బెదురు కనిపిస్తే, ఒళ్ళు కడగక ముందే, బట్టలు ఉతకక ముందే బయటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, పోలీసులకు చెప్పాలి. హింస చేసేది సిబ్బందే కావాలనీ లేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని 10 నర్సింగ్ హోమ్‌లలో జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగు వారాల్లోనే ఐదింట ఒక వంతు మంది తోటి నివాసుల చేతుల్లో ఏదో ఒక రకంగా ఇబ్బంది పడ్డారు. "వాళ్ళూ వాళ్ళూ కొట్టుకున్నారండీ, మేమేం చేస్తాం" అంటే అది కూడా కాపలా లోపమే.

ఇక సిబ్బంది. వాళ్ళను రాక్షసులుగా చూపిస్తే రాయడం సులువు, నాకు ఇష్టం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరచూ చెప్పే ఒక లెక్క ఉంది: గత ఏడాదిలో తాము ఏదో ఒక రకంగా పెద్దవాళ్ళ పట్ల తప్పుగా ప్రవర్తించామని ఇలాంటి సంస్థల్లో పనిచేసే ప్రతి ముగ్గురిలో ఇద్దరు స్వయంగా ఒప్పుకున్నారు. ముగ్గురిలో ఇద్దరు దుర్మార్గులై ఉండరు కదా. ఒక్కొక్కరికి రోజుకు మొత్తం 4.1 గంటల నర్సింగ్ సేవ అందకపోతే హాని జరిగే అవకాశం పెరుగుతుందని 2001లో అమెరికా ప్రభుత్వానికి అందిన అధ్యయనం తేల్చింది. పెద్దమ్మ గదిలో చార్టు ముందే నింపేసిన ఆయాకు ఆ షిఫ్టులో అంతస్తు మొత్తం మీద ఒక్కరే తోడు. ఇద్దరూ పరుగులు పెట్టినా ఆ పని తెమలదు. నేను అడిగితే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఆ సంతకం ఆమెదే. ఆమె అలసట నిజం, పెద్దమ్మ ఎండిన పెదవులూ నిజం. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని మాఫీ చేయడం నాకు చేతకాలేదు. ఇద్దరితో ఆ అంతస్తు నడపాలని నిర్ణయించిన యాజమాన్యాన్ని వదిలి, ఆమె ఒక్కదాన్ని ఉద్యోగం నుంచి తీసేసి చేతులు దులుపుకోవడమూ నాకు న్యాయం అనిపించలేదు.

అందుకే నేను నోటితో గొడవ పడలేదు, ఉత్తరం రాశాను. ఇది అందరికీ గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. కౌంటరు దగ్గర అరిస్తే సాయంత్రానికి మర్చిపోతారు. ఆయాకు పదో పరకో చేతిలో పెట్టి "కాస్త చూసుకోమ్మా" అంటే, అలా పెట్టలేనివాళ్ళ మంచం ఇంకా వెనక్కి పోతుంది. తేదీ, టైము, చూసినది, ఎవరితో ఏం మాట్లాడారు, వాళ్ళేం చెప్పారు, ఫోటో, ఇవి వేసి, పలానా తేదీ లోపల రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని అడగాలి. మన ఊహలు అందులో రాయకూడదు. "నిర్లక్ష్యం చేస్తున్నారు" అని రాస్తే కాదంటారు. "మూడు గంటలకు ముందే ఆరు గంటల గడి నిండి ఉంది" అని రాస్తే ఎవరూ కాదనలేరు. ఆ ఉత్తరం ఇచ్చిన రోజే బెల్ తాడు మేకు నుంచి దిగింది. రాత్రి షిఫ్టుకు ఇంకొకరిని వేయడానికి మాత్రం మరో ఉత్తరం, పై అధికారులకు ఫిర్యాదు కావలసి వచ్చాయి.

ప్రాణాపాయం కనిపిస్తే ఈ ఉత్తరాలేవీ వద్దు. అపస్మారకంగా ఉన్నా, ఎముక విరిగినట్టున్నా, పుండు నుంచి దుర్వాసన వస్తూ జ్వరం ఉన్నా, ముందు ఆసుపత్రి. హోమ్‌కు సంబంధం లేని డాక్టరు చేత పరీక్ష చేయించి, గాయాల కొలతలతో సహా రిపోర్టులో రాయించాలి. మిగతా సందర్భాల్లో హోమ్ జవాబు ఇవ్వకపోతే బయటికి వెళ్ళాలి. లైసెన్సు ఇచ్చిన శాఖకు, వృద్ధుల హెల్ప్‌లైన్‌కు, పోలీసులకు. అమెరికాలో నర్సింగ్ హోమ్ నివాసుల తరఫున అడగడానికి ప్రతి రాష్ట్రంలోనూ అంబుడ్స్‌మన్ ఉంటారు, ఆ ఏర్పాటు 1972లో ప్రయోగంగా మొదలైంది. జపాన్‌లో వృద్ధులపై వేధింపుల నివారణ చట్టం 2006 నుంచి అమల్లో ఉంది, అది హోమ్‌ల సిబ్బందికీ వర్తిస్తుంది. ఆస్ట్రేలియాలో 2021 ఏప్రిల్ నుంచి తీవ్రమైన సంఘటనలను హోమ్‌లే 24 గంటల్లో నియంత్రణ సంస్థకు తెలియజేయాలి. భారతదేశంలో వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

కెమెరా పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 2001లోనే గదిలో కెమెరా పెట్టుకోవడానికి చట్టం చేసింది. సాక్ష్యంగా దానికి బలం ఉంది, కాదనను. కానీ డైపర్ మార్చేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు తన ఒళ్ళు ఒక తెర మీద ఎవరో చూస్తారన్నది మా పెద్దమ్మకు అవమానం. పక్క మంచం ఆవిడ ఒళ్ళు కూడా అందులో పడుతుంది. వాళ్ళిద్దరి అనుమతి లేకుండా పెట్టకూడదు. నాకైతే కెమెరా కన్నా, వేళ తప్పించి వెళ్ళే మనుషుల మీదే నమ్మకం ఎక్కువ. ప్రతి ఆదివారం పదింటికి వెళితే, ఆదివారం పదింటికి అంతా శుభ్రంగానే ఉంటుంది. భోజనం వేళకు వెళ్ళండి, పళ్ళెం ముందు పెట్టి వెళ్ళిపోతున్నారా, తినిపిస్తున్నారా తెలుస్తుంది. రాత్రి షిఫ్టు మారే వేళకు వెళ్ళండి. మీకు కుదరకపోతే అన్నయ్యో, మరదలో, స్నేహితురాలో వెళ్ళాలి. దూరదేశంలో ఉన్నవాళ్ళు వీడియో కాల్‌లో మొహం ఒక్కటే చూడకుండా చేతులు చూపించమనాలి, గోళ్ళు, పెదవులు, మంచం పక్కన గ్లాసు ఎక్కడుందో చూపించమనాలి. విజిటింగ్ అవర్స్ పేరుతో మిమ్మల్ని ఎప్పుడూ హాల్లోనే కూర్చోబెట్టి గదిలోకి రానివ్వకపోతే, ఆ హోమ్ గురించి తెలుసుకోవాల్సిన ముఖ్యమైన విషయం అప్పటికే తెలిసిపోయినట్టే.

ఫిర్యాదు తర్వాత మన మనిషి మీద కక్ష తీర్చుకుంటారేమోనన్న భయానికి నా దగ్గర ఒకటే మందు ఉంది, అది తర్వాతి వారాల్లో ఇంకా ఎక్కువసార్లు వెళ్ళడం. ఉత్తరంలోనే ఒక వాక్యం రాయాలి: "ఈ ఫిర్యాదు కారణంగా ఆమె సేవల్లో ఏ మార్పు వచ్చినా దాన్ని వేరే ఫిర్యాదుగా నమోదు చేస్తాం." పెద్దమ్మకు కూడా ముందే చెప్పాను, ఏం రాస్తున్నానో చదివి వినిపించాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు బెల్ తాడు గురించి మర్చిపోకుండా రాయమంది. తెలివి నిలకడగా ఉన్న మనిషికి ఇష్టం లేకుండా మనం రంగంలోకి దిగితే, హోమ్ వాళ్ళు చేసినట్టే మనమూ ఆమె మాటను పక్కన పడేసినట్టవుతుంది. హోమ్ మార్చాలా వద్దా అన్నదీ ఆమెనే అడగాలి. డిమెన్షియా ఉన్నవాళ్ళకు చోటు మారడమే ఒక దెబ్బ కావచ్చు. అయినా కొట్టిన మనిషి ఇంకా అదే అంతస్తులో డ్యూటీ చేస్తుంటే ఆలోచించాల్సిన పని లేదు, తెచ్చేసుకోవడమే.

ఇవన్నీ వచ్చిపోయే మనుషులున్నవాళ్ళకు సంబంధించినవి. ప్రతి హోమ్‌లోనూ ఎవరూ రానివాళ్ళు కొందరుంటారు, చార్టులు ముందే నిండిపోయేది ఎక్కువగా వాళ్ళ మంచాల దగ్గరే. ఫిర్యాదు చేయడానికి రక్తసంబంధం అక్కర్లేదు. హెల్ప్‌లైన్లకు ఎవరైనా ఫోన్ చేయవచ్చు. నా రెండో ఉత్తరంలో పక్క మంచం ఆవిడ గురించి కూడా రాశాను. ఆమె వివరాలు అడిగే హక్కు మీకు లేదని మేనేజర్ అన్నారు, అది సరైన మాటే. నాకు చూపించవద్దని, తనిఖీ అధికారికి చూపించమని జవాబు రాశాను. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ అంతస్తులోని అన్ని మంచాల చార్టులూ బల్ల మీద వేయించారు.